ప్యాంక్రియాటైటిస్ తిరగబెట్టే కుక్కకి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి

ఒకసారి ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు, వచ్చి తగ్గిన కుక్కకి రెండు మూడు నెలలకోసారి తిరగబెడుతోందంటే, దాని గిన్నె కంటే ముందు ఇంట్లో వాళ్ళ చేతులు చూడండి. గిన్నెలో తిండి డాక్టర్ చెప్పిన రోజే మారిపోతుంది, అన్నం చికెనో లో ఫ్యాట్ ప్యాకెట్టో వచ్చేస్తుంది, అయినా మళ్ళీ వాంతులు, మళ్ళీ సెలైన్. మధ్యలో ఎవరేం పెట్టారని నిదానంగా అడిగితే ఒక్కొక్కటీ బయటికొస్తుంది: పొద్దున టీలో ముంచిన బిస్కెట్, మధ్యాహ్నం పిల్లలు వదిలేసిన పూరీ ముక్క, రాత్రి అమ్మమ్మ కలిపిన మీగడ పెరుగన్నం, ఆదివారం మటన్ ఎముక. ఎవరికి వాళ్ళు కొంచెమే పెట్టారు. కుక్క కడుపులో పడింది మాత్రం అన్నీ కలిపి.

క్లోమం అరుగుదలకి కావలసిన ఎంజైములు తయారుచేస్తుంది. అవి మామూలుగా పేగులోకి చేరాకే పనిచేయడం మొదలుపెడతాయి. ఈ జబ్బులో క్లోమంలో ఉండగానే మేల్కొని ఆ క్లోమాన్నే కాల్చేస్తాయి, అందుకే అంత నొప్పి. చాలా కేసుల్లో అసలు ఎందుకు మొదలైందో తేలదు. కానీ కొవ్వు ఎక్కువున్న తిండి, అలవాటు లేని తిండి, చెత్తబుట్ట తిండి, ఒంటి బరువు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉండటం, ఇవి ప్రమాదాన్ని పెంచుతాయని తెలుసు. మినియేచర్ ష్నాజర్‌లకి ఆ ట్రైగ్లిజరైడ్ల సమస్య జాతిలోనే ఉంది, కాకర్ స్పానియల్, యార్క్‌షైర్ టెర్రియర్‌లకి కూడా ఈ జబ్బు ఎక్కువ. అలాగని మన స్పిట్జ్‌కో లాబ్రడార్‌కో వీధి నుంచి తెచ్చుకున్న కుక్కకో రాదని కాదు.

తిండి సంగతి చెప్పేముందు ఒక మాట. వాంతులు ఆగకుండా అవుతున్నా, తాగిన నీళ్ళు కూడా నిలవకపోయినా, చిగుళ్ళు ఎండిపోయినా పాలిపోయినా, లేవలేక పడుకున్నా ఇంట్లో ఏమీ పెట్టి చూడొద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంకో గుర్తు కూడా ఉంది, చాలామంది ఒళ్ళు విరుచుకుంటోందనుకుని వదిలేస్తారు: ముందు కాళ్ళూ ఛాతీ నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి అలాగే ఉండిపోతుంది, కాసేపటికి లేచి ఇంకోచోట మళ్ళీ అదే చేస్తుంది. అది కడుపునొప్పి. మనం వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కుక్కకి ఇవ్వనే ఇవ్వకండి, ప్రాణం మీదికొస్తుంది. దగ్గర్లో మంచి క్లినిక్ లేకపోతే వెటర్నరీ కాలేజీలు గుర్తుపెట్టుకోండి, రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి కాలేజీల్లో జంతువులకి వైద్యం చేస్తారు.

వాంతులు తగ్గాక మొదటి రోజులు. కుక్కకి రెండు మూడు రోజులు నోరు కట్టేయాలి, క్లోమానికి విశ్రాంతి కావాలి అని ఒకప్పుడు చెప్పేవారు, ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఇప్పుడు పద్ధతి మారింది. మారోపిటాంట్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మందులతో వాంతులు అదుపులోకి రాగానే, ఒకట్రెండు రోజుల్లోపే కొద్దికొద్దిగా తినిపించడం మొదలుపెట్టమంటున్నారు, ఎందుకంటే తిండి లేకుండా పేగు లోపలి పొర దెబ్బతింటుంది, కుక్క ఇంకా నీరసించిపోతుంది. మీ డాక్టర్ ఆకలితో ఉంచమంటే ఎందుకు, ఎన్నాళ్ళు అని అడగండి, అడగడంలో తప్పేం లేదు.

ఎంత పెట్టాలన్నది లెక్కతో తేలుతుంది. విశ్రాంతిగా ఉన్న కుక్కకి రోజుకి కావలసిన కేలరీలు సుమారుగా ఇలా ఉంటాయి: 5 కిలోల కుక్కకి 235, 10 కిలోలకి 400, 20 కిలోలకి 660, 30 కిలోలకి 900. బరువు రెట్టింపైతే తిండి రెట్టింపు కాదని గమనించండి, అందుకే పెద్ద కుక్కకి పెట్టే కొలతని చూసి చిన్న కుక్కకి అంచనా వేయకూడదు. మొదటి రోజు ఇందులో పావు వంతు పెట్టండి, నిలిస్తే రెండో రోజు సగం, అలా మూడు నాలుగు రోజుల్లో పూర్తి కొలతకి రండి. పది కిలోల కుక్కకి మొదటి రోజు మొత్తానికి 100 కేలరీలు, అంటే వండిన అన్నం 50 గ్రాములు, ఉడికించిన చికెన్ బ్రెస్ట్ 20 గ్రాములు. దాన్ని ఐదారు సార్లుగా, పూటకో పెద్ద చెంచాడు. చూడ్డానికి జాలేస్తుంది, ఇంకో చెంచా వేద్దామనిపిస్తుంది, వేయొద్దు. నీళ్ళు కూడా గిన్నె నిండా పెడితే గటగటా తాగి కక్కేస్తుంది, గంటకోసారి కొంచెం కొంచెం పోయండి.

కోలుకున్నాక రోజువారీ తిండికి పైన చెప్పిన కేలరీలకి ఒకటిన్నర రెట్లు దాకా సరిపోతుంది. లావుగా ఉన్న కుక్కకి అంత కూడా వద్దు, ఎందుకంటే బరువు తగ్గించడం కూడా ఈ వైద్యంలో భాగమే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటే: ప్రతి 100 కేలరీలకి కొవ్వు 2 గ్రాములు దాటకూడదు. ఈ జబ్బు కోసం అమ్మే లో ఫ్యాట్ తిండ్లు కూడా సుమారుగా ఆ గీత దగ్గరే ఉంటాయి. పది కిలోల కుక్క రోజుకి 600 కేలరీలు తింటే దాని కొవ్వు ఖాతా 12 గ్రాములు. ఇప్పుడు అన్నం 300 గ్రాములు, ఉడికిన చికెన్ బ్రెస్ట్ 120 గ్రాములు లెక్కేయండి, కేలరీలు 590 దాకా వస్తాయి, కొవ్వు 5 గ్రాముల పైచిలుకు. బానే ఉంది కదా. దాని మీద ఒక చిన్న చెంచా నెయ్యి వేస్తే ఇంకో 5 గ్రాములు. పొద్దున ఒక గుడ్డు పచ్చసొనతో సహా పెడితే మరో 5. అక్కడికి గీత దాటేసినట్టే, ఇంట్లో ఎవరికీ తప్పు చేశామన్న ఆలోచన కూడా రాదు.

ప్యాకెట్ తిండి విషయంలో చాలామంది మోసపోయేది శాతం దగ్గర. డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద ఫ్యాట్ 14 శాతం, వెట్ ఫుడ్ పౌచ్ మీద 3 శాతం అని చూసి పౌచ్ కొనేస్తారు. పౌచ్‌లో ముప్పాతిక వంతు నీళ్ళే. ఆ నీళ్ళు తీసేసి చూస్తే రెండిటికీ పెద్ద తేడా ఉండదు. కేలరీల మీద లెక్కేయండి: డ్రై ఫుడ్ వంద గ్రాములకి 360 కేలరీలుంటే 100 కేలరీలకి కొవ్వు 3.9 గ్రాములు పడుతుంది, పౌచ్ వంద గ్రాములకి 80 కేలరీలుంటే 3.75 పడుతుంది. రెండూ మన గీత పైనే. ప్యాకెట్ మీద కేలరీలు వేయని కంపెనీ తిండి ఈ కుక్కకి కొనకండి. రాయల్ కానిన్, హిల్స్ లాంటి కంపెనీల గ్యాస్ట్రోఇంటెస్టినల్ లో ఫ్యాట్ రకాలు వెట్ క్లినిక్‌లలో దొరుకుతాయి, ఖరీదెక్కువే, కానీ వండే తీరిక లేనివాళ్ళకి అదే మేలు. పేరులో లో ఫ్యాట్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి, ఉత్త గ్యాస్ట్రోఇంటెస్టినల్ అని ఉన్నదాంట్లో కొవ్వు బాగానే ఉంటుంది. ఏ తిండికైనా ఒక్కసారిగా మార్చకుండా వారం పది రోజులు పాతదాంట్లో కలుపుతూ వెళ్ళండి.

ఇంట్లో వండేవాళ్ళు చికెన్ కొట్టులో బోన్‌లెస్ బ్రెస్ట్ అని గట్టిగా చెప్పి తీసుకోండి. తొడ ముక్కలో స్కిన్ తీసేసినా కొవ్వు బ్రెస్ట్ కంటే రెట్టింపు పైనే. ఇంటికొచ్చాక అంచుల్లో అంటుకున్న పసుపచ్చ కొవ్వు ముద్దలు కత్తితో తీసేసి, ఉప్పూ నూనే లేకుండా నీళ్ళలో ఉడికించండి. ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే వద్దు, అవి జబ్బు లేని కుక్కకి కూడా విషమే, అందుకే మన కూరలో ముక్క కడిగి పెట్టడం కూడా పనికిరాదు. ఉడికిన నీళ్ళని పారబోయకండి. గిన్నెతో సహా రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి పైన తెల్లగా మైనంలా ఒక పొర గడ్డకడుతుంది, చెంచాతో అంచు నుంచి లేపితే పలకలా వచ్చేస్తుంది. దాన్ని పారేసి కింద మిగిలిన నీళ్ళు అన్నంలో కలిపితే తిండి మీద ఇష్టం పోయిన కుక్క కూడా మూతి పెడుతుంది. ఆ పొర ఒక్కసారి ఇంట్లో అందరికీ చూపించండి, మటన్ చారులో ముంచిన అన్నం ముద్ద ఎందుకు పెట్టొద్దంటున్నారో వేరే చెప్పక్కర్లేదు.

అన్నం కాస్త మెత్తగా వండండి. చికెన్ బదులు కొరమీను ముక్క ముళ్ళు తీసి పెట్టొచ్చు, గుడ్డు తెల్లసొన ఉడికించి పెట్టొచ్చు, దాంట్లో కొవ్వు దాదాపు లేనట్టే. ఉడికించిన గుమ్మడికాయ, సొరకాయ, బీన్స్ కొంచెం కొంచెం కలపండి. మాంసం వండని ఇళ్ళలో బాగా ఉడికిన పెసరపప్పు అన్నంలో కలిపి, డబుల్ టోన్డ్ పాలతో తోడుపెట్టిన పెరుగు ఒకట్రెండు చెంచాలు వేయొచ్చు. డబుల్ టోన్డ్ పాలలో కొవ్వు 1.5 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6, గేదె పాలలో ఇంకా ఎక్కువే. పనీర్, చీజ్, వెన్న, కొబ్బరి, వేరుశెనగలు ఇంక మర్చిపోండి. పప్పన్నం మీదే ఎక్కువకాలం నడపాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడకుండా వద్దు.

నిజానికి అన్నం చికెన్ కూడా సంపూర్ణమైన తిండి కాదు. ఒకట్రెండు వారాలకి ఫర్వాలేదు, నెలల తరబడి అదే పెడితే క్యాల్షియం చాలదు, జింక్, అయోడిన్, విటమిన్ ఇ లాంటివి తక్కువైపోతాయి. కొవ్వు కూడా పూర్తిగా లేకుండా చేయకూడదు, చర్మానికీ వెంట్రుకలకీ కొంత కావాలి. కాబట్టి ఇంటి వంటే కొనసాగిస్తామంటే, మీరు పెట్టే కొలతలు కాగితం మీద రాసుకెళ్ళి, దానికి ఏ సప్లిమెంట్ ఎంత కలపాలో డాక్టర్ దగ్గర రాయించుకోండి. ఫిష్ ఆయిల్ క్యాప్సూల్ కూడా నూనే, ఎవరో మంచిదన్నారని సొంతంగా మొదలుపెట్టకండి.

రోజు తిండిని మూడు నాలుగు పూటలుగా పంచండి. ఖాళీ కడుపుతో తెల్లవారుజామున పచ్చగా కక్కే కుక్కలకి పడుకునే ముందు రెండు చెంచాలు పెడితే చాలాసార్లు అది ఆగిపోతుంది. వంటింటి తూకం మెషిన్ ఒకటి కొనండి, కంటి కొలత రోజురోజుకీ పెరుగుతుంది.

ఇక చేతుల సంగతి. పెద్దవాళ్ళకి కుక్కకి పెట్టకుండా తినడం ప్రాణానికి ఒప్పదు, వద్దని కోప్పడితే చాటుగా పెడతారు, ఆ చాటు తిండే అసలు ప్రమాదం, ఎందుకంటే జబ్బు చేసినప్పుడు ఏం తిందో డాక్టర్‌కి చెప్పేవాళ్ళుండరు. నా సలహా, వాళ్ళని పెట్టొద్దనకండి, పెట్టేది మార్చండి. పొద్దునే ఒక డబ్బాలో ఉప్పూ నూనే లేని మరమరాలు, కీర దోసకాయ ముక్కలు, ఉడికించిన క్యారెట్, గింజ తీసిన ఆపిల్ వేసి హాల్లో పెట్టేయండి, ఎవరు పెట్టినా అందులోంచే. డబ్బా అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. గ్లూకోజ్ బిస్కెట్ తేలికని అందరూ అనుకుంటారు, అందులో వందకి పది గ్రాములకు పైనే కొవ్వుంటుంది, చక్కెర వేరే. ద్రాక్ష, కిస్మిస్ ఈ డబ్బాలోకే కాదు, ఏ కుక్క దగ్గరికీ రానీయకండి. మాత్రలు మింగించడానికి చీజ్ బదులు అరటిపండు ముక్కో, చికెన్ ముక్కో వాడండి.

సంక్రాంతి, దసరా, బక్రీద్, ఇంట్లో పెళ్ళి, ఈ రోజుల్లో కుక్కని వేరే గదిలో ఉంచండి, చుట్టాలు వెళ్ళేదాకా. అరిసె, గారె, బిర్యానీ ముక్క ఎవరి చేతిలోంచి జారిందో కనిపెట్టలేం. చెత్తబుట్టకి మూత ఉండాలి. వాచ్‌మన్‌కీ, పనమ్మాయికీ, కింది ఫ్లాట్ పిల్లలకీ కూడా చెప్పండి, దీనికి కడుపు జబ్బు, ఏం పెట్టినా ఆసుపత్రి పాలవుతుందని నేరుగా చెబితే ఎవరూ కాదనరు.

ఇంత జాగ్రత్త పడ్డా తిరగబెడుతుంటే తప్పు తిండిలో కాకపోవచ్చు. 12 గంటలు ఏమీ పెట్టకుండా ట్రైగ్లిజరైడ్ల పరీక్ష చేయించండి, థైరాయిడ్, షుగర్, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) ఉన్నాయేమో చూడమనండి. ఫిట్స్ కోసం ఫినోబార్బిటాల్, పొటాషియం బ్రోమైడ్ వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, కానీ మందు మీరే ఆపేయకండి. జబ్బు నిర్ధారణకి రక్తంలో అమైలేస్, లైపేస్ అనే ఎంజైముల అంకెలు ఒక్కటే నమ్మదగ్గవి కావు, కుక్కల క్లోమం కోసమే ఉన్న సీపీఎల్ పరీక్ష, పొట్ట స్కానింగ్ కలిపి చూస్తారు.

పదేపదే వస్తే క్లోమం కొంత కొంతగా పాడైపోతుంది. కుక్క ఆవురావురుమని తింటూ కూడా చిక్కిపోతుంటే, విరేచనం ఎక్కువ మొత్తంలో పాలిపోయి జిడ్డుగా వస్తుంటే ఎంజైములు చాలడం లేదేమో, టీఎల్‌ఐ అనే రక్త పరీక్ష అడగండి, దాంతోపాటు బి12 కూడా చూడమనండి. అదే అయితే తిండిలో కలిపే ఎంజైమ్ పొడి రాస్తారు. నీళ్ళు మామూలు కంటే బాగా ఎక్కువ తాగుతూ మాటిమాటికీ మూత్రం పోస్తుంటే ఆ వారమే షుగర్ చూపించండి.