మీ ఊరి బడిని నిలదీసే ముందు పిల్లల చేత చదివించండి

సర్కారు బడి మీద కంప్లైంట్ చేసేవాళ్లలో చాలామంది బాత్రూములు, ప్రహరీ గోడ, మధ్యాహ్న భోజనంలో గుడ్డు దగ్గరే ఆగిపోతారు. అవీ అడగాల్సినవే, కాదనను. కానీ ఐదో తరగతి పిల్లకి రెండో తరగతి పుస్తకం చదవడం రాకపోతే అడిగేవాళ్లు ఊళ్లో దొరకరు, ఎందుకంటే ఆ సంగతి ఇంట్లోవాళ్లకే తెలియదు. ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు బాగానే ఉంటుంది, నోట్సులో చేతిరాత గుండ్రంగా ఉంటుంది, అదంతా బోర్డు మీద చూసి దించిందని ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి మొదటి పని ఇంట్లోనే మొదలుపెట్టండి. మీ పాప చదివే తరగతికి రెండు తరగతుల కింది తెలుగు వాచకం ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని, మొదటి పాఠాలు వదిలేసి మధ్యలో ఒక పేజీ తీయండి. మొదటి పాఠాలు చాలామందికి కంఠతా వచ్చేసి ఉంటాయి, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా గడగడా చెప్పేస్తారు. బొమ్మ ఉంటే చేత్తో మూసేయండి, లేకపోతే బొమ్మ చూసి ఊహించి చెప్తారు. చదువుతున్నప్పుడు తిట్టొద్దు, అందించొద్దు, ఊరికే చూడండి. ఒత్తుల దగ్గర ఆగుతుందా, గుణింతాల దగ్గరే తడబడుతుందా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరికి పదం పలకలేకపోతుందా? చదివేశాక ‘ఏం జరిగింది అందులో?’ అని అడగండి.

లెక్కల్లో అయితే 52 లోంచి 27 తీసేయమనండి. 35 అని రాస్తే అది పరాకు కాదు. 2 లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7 లోంచి 2 తీసేసింది, అంటే పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకోవడం ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదన్నమాట. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లల చదువు స్థాయి మీద 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల్ని అడిగేవి దాదాపు ఇలాంటివే. ఆ సర్వే పత్రాలు తెలుగులోనూ ఉన్నాయి, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఒక్క మీ పాపతో ఆపకండి. అదే వీధిలో అదే తరగతి చదివే నలుగురైదుగురిని వాళ్ల అమ్మానాన్నల ముందే చదివించండి. మీ అమ్మాయి ఒక్కతే వెనకబడితే అది టీచరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, తరగతి తరగతంతా అలాగే ఉంటే అది బడి సమాధానం చెప్పాల్సిన విషయం. ఒక కాగితం మీద తేదీ వేసి ఎవరికి అక్షరాలు, ఎవరికి పదాలు, ఎవరికి పేరా వచ్చో రాసి పెట్టుకోండి. రేపు మీ చేతిలో ఆధారం అదే.

ఇక బడికి వెళ్లి సార్ మీద అరిచేయకండి. ముందు అక్కడ ఎంతమంది టీచర్లు ఉండాలి, ఎంతమంది ఉన్నారు అన్నది చూడండి. విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి, మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదు, జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప బయటి డ్యూటీలు వేయకూడదు. ఒకే టీచరు ఐదు తరగతులు ఈడుస్తున్న బడిలో ఆయన్ని నిలదీసి లాభం లేదు, ఆ ప్రశ్న మండల విద్యాధికారికి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారికి (డీఈఓ) వెయ్యాలి. అలా కాకుండా టీచర్లు సరిపడా ఉండి పిల్లలకి చదువు రావట్లేదంటే మాత్రం మొహమాటపడొద్దు. ప్రతి పిల్ల ఎంతవరకు నేర్చుకుందో చూసి, వెనకబడితే అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడడం టీచరు విధి అని అదే చట్టంలో 24వ సెక్షన్ చెప్తుంది. సొంత కారు కొనుక్కున్నారు, టౌన్ నుంచి వస్తారు లాంటి మాటలు మాత్రం ఎత్తకండి, అసలు విషయం అక్కడే పక్కదారి పడుతుంది.

అడగాల్సిన చోటు పాఠశాల యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) సమావేశం. ఎస్‌ఎంసీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి కాబట్టి అక్కడ ఊళ్లోని మహిళా సంఘం వాళ్లని కలుపుకోండి. చాలా చోట్ల జరిగేదేంటంటే, టీ తాగి, పుస్తకంలో సంతకాలు పెట్టి వచ్చేస్తారు, పైన ఏం రాశారో ఎవరూ చదవరు. మీరు చదవండి. ‘నాలుగో తరగతిలో ఇంతమందికి పేరా చదవడం రాదు, ఫలానా తేదీలోగా రోజూ ఒక పీరియడ్ చదివించే పని చేస్తాం, బాధ్యత ఫలానా టీచరుది’ అని తీర్మానం రాయించి, అది రాశాకే సంతకం పెట్టండి, ఫోన్లో ఫొటో తీసుకోండి. పిల్లల పేర్లు మాత్రం నలుగురిలో చదవొద్దు, చిన్నబుచ్చుకుంటే బడికే రావడం మానేస్తారు.

తీర్మానం కాగితం మీదే మిగిలిపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఎంఈఓ ఆఫీసులో పౌర సమాచార అధికారి పేరున తెల్ల కాగితం మీద దరఖాస్తు చాలు, మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. ‘ఎందుకు చదువు చెప్పట్లేదు’ అని రాస్తే జవాబు రాదు, కాపీలు అడగాలి. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్లు, టీచర్లని వేరే చోటికి పంపిన డెప్యుటేషన్ ఉత్తర్వులు, గత మూడు నెలల టీచర్ల హాజరు, తరగతివారీగా పిల్లల చదువు స్థాయి మీద బడి పైకి పంపిన నివేదిక, ఇవి అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. నిజం చెప్పాలంటే సగం పనులు దరఖాస్తు అందిన వారంలోనే కదులుతాయి.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మూడు నెలల్లో తేల్చాలి, తేల్చినదాంతో తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఫిర్యాదు మీద పదిమంది తల్లిదండ్రుల సంతకాలుంటే మంచిది, ఒక్కరి పేరే ఉంటే ఆ ఒక్కరి పిల్లమీద పడుతుందేమోనన్న టెన్షన్ ఎలాగూ ఉంటుంది.