క్లోరిన్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సమస్య: ఈత కొలను దగ్గర ఘాటైన వాసన వస్తోంది, కళ్లు మండుతున్నాయి.

క్లోరిన్ ఎక్కువైందని భావించి మోతాదు తగ్గించడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. చెమట, మూత్రం వంటి వాటిలోని నత్రజని సమ్మేళనాలతో క్లోరిన్ చర్య జరిపినప్పుడు క్లోరమైన్లు ఏర్పడతాయి. ఆ వాసన ప్రధానంగా వాటిదే. క్రిములను చంపే శక్తి మాత్రం వాటికి చాలా తక్కువ. కాబట్టి ముందుగా దేనితోనూ కలవకుండా మిగిలి ఉన్న స్వేచ్ఛా క్లోరిన్‌ను, మొత్తం క్లోరిన్‌ను కొలిచి, రెండింటి తేడాను, అంటే క్లోరమైన్ల రూపంలో ఉన్న సంయుక్త క్లోరిన్‌ను తెలుసుకోవాలి. అది ఎక్కువగా ఉంటే కొలనులోకి ఎవరినీ దిగనివ్వకుండా, దానికి సుమారు 10 రెట్ల క్లోరిన్‌ను ఒకేసారి వేయాలి. స్వేచ్ఛా క్లోరిన్ మామూలు స్థాయికి దిగిన తరువాతే ఈతకు అనుమతించాలి.

సమస్య: తాగునీటిలో క్లోరిన్ ఉన్నా క్రిములు చావడం లేదు.

నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) చూడండి. క్రిములను సమర్థంగా చంపేది క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 వద్ద స్వేచ్ఛా క్లోరిన్‌లో అది సుమారు సగం ఉంటే, 8.5 వద్ద పదో వంతుకు పడిపోతుంది. నీరు మడ్డిగా ఉంటే ముందు వడకట్టాలి. పీహెచ్ 8 కంటే తక్కువగా ఉన్న నీటిలో, క్లోరిన్ కలిపిన 30 నిమిషాల తరువాత కూడా లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగలాలి.

సమస్య: బ్లీచింగ్ ద్రావణం పని చేయడం లేదు.

వేడికి, వెలుతురుకు అది క్రమంగా బలహీనపడుతుంది. కొత్తది తెచ్చి, చల్లని చీకటి చోట ఉంచండి.

సమస్య: శుభ్రం చేస్తుండగా ఒక్కసారిగా దగ్గు, ఊపిరాడకపోవడం.

ఇది అన్నింటికంటే ప్రమాదకరమైనది. బ్లీచింగ్ ద్రావణంతో ఆమ్లం గల మరుగుదొడ్డి క్లీనర్ కలిస్తే క్లోరిన్ వాయువు, అమ్మోనియా కలిస్తే క్లోరమైన్ వాయువులు వెలువడతాయి. మిశ్రమాన్ని సరిచేయబోకుండా వెంటనే బయటి గాలిలోకి వెళ్లండి. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కనుక పల్లపు చోట్ల పేరుకుంటుంది. నేలమీద పడుకోకుండా, గాలి వీచే దిక్కుకు ఎదురుగా, ఎత్తైన చోటికి చేరాలి. ద్రావణం మీద పడితే తడిసిన బట్టలు విప్పేసి, చర్మాన్ని, కళ్లను నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరువాత కూడా మొదలవుతుంది కాబట్టి, దగ్గు తగ్గినట్టు అనిపించినా వైద్యునికి చూపించుకోవలసిందే.

సమస్య: క్లోరిన్ సిలిండర్ కారుతోంది.

కారే చోట నీళ్లు పోయకూడదు. తడి తగిలితే ఏర్పడే ఆమ్లాలు లోహాన్ని తినేసి రంధ్రాన్ని పెద్దది చేస్తాయి. అందరినీ దూరంగా పంపి, శ్వాస పరికరాలు గల శిక్షణ పొందిన సిబ్బందిని పిలవండి.