చోళ్లు మొలకెత్తించి, పులియబెట్టి అంబలి కాచే పద్ధతి

రాయలసీమలో రాగులు అనే ధాన్యాన్నే మన విశాఖ వైపు చోళ్లంటాం. 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. అయితే గింజలోని ఫైటిక్ ఆమ్లం ఆ కాల్షియాన్నీ, ఇనుమునూ పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదు. గింజ మొలకెత్తినప్పుడు, పిండి పులిసినప్పుడు ఆ ఆమ్లం చాలావరకు విరిగిపోతుంది కనుక, నానబెట్టకుండా మర పట్టించి అప్పటికప్పుడు కాచే అంబలి కంటే నిదానంగా చేసినదే మేలు.

రైతు బజారులో చోళ్లు కొనేటప్పుడు గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య నలిపి చూడండి. దుమ్ము, పొట్టు ఎక్కువగా రాలకుండా, ఇటుక రంగులో నిండుగా ఉన్న గింజలు మంచివి. ముక్కిపోయిన వాసన వచ్చేవి సరిగా మొలకెత్తవు. చోళ్లలో ఇసుక తప్పక ఉంటుంది కాబట్టి, తేలిన తాలు గింజలను పారబోసి, రెండు గిన్నెల మధ్య ఓపికగా నాలుగైదు సార్లు గాలించాలి.

ఎనిమిది గంటలు నానిన తరువాత నీరు పూర్తిగా వార్చి, పలుచని నూలు బట్టలో వదులుగా మూటగట్టి, ఆరకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించాలి. మన ఊరి ఉక్కకు ఒక రోజులోనే గింజ కొసన తెల్లని దారపు పోగులా మొలక కనబడుతుంది; అంతకంటే పొడవు పెరగనివ్వకండి. అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల పైకి ఆరినట్టున్న గింజ లోపల మెత్తగానే ఉంటుంది. ఒక శ్రావణంలో ముసురు పట్టినప్పుడు నేను మేడ మీది గదిలో పరిచిన రెండు కిలోల మొలకలకు మూడో రోజుకల్లా బూజు పట్టింది, మొత్తం పారేయవలసి వచ్చింది. బూజు తగిలిన గింజను కడిగి వాడుకోవడం ప్రమాదం. అందుకే నేను ఏడాదికి సరిపడా పిండిని ఒకేసారి చేయను. ఎండలున్న నెలల్లో కిలో చొప్పున ఆరబెట్టి, పంటి కింద కటుక్కుమన్నాకే సన్నని సెగ మీద వేయించి మర పట్టిస్తాను.

అంబలికి నాలుగు చెంచాల చోడి పిండిని రాత్రి గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టండి. పొద్దుటికి సన్నని పులుపు వాసన వస్తుంది. నాలుగు గ్లాసుల నీళ్లలో గుప్పెడు నూకలు మెత్తగా ఉడికిన తరువాత ఆ పిండి పోసి, అడుగంటకుండా పది నిమిషాలు కలుపుతూ కాచాలి. పూర్తిగా చల్లారాకే ఉప్పు, మజ్జిగ కలపాలి. వేడిలో పోస్తే మజ్జిగ విరుగుతుంది. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉండనే ఉంటాయి. నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది, వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. అరకు, పాడేరు కొండల్లో పొలానికి వెళ్లేవారు ఎండిన ఆనపకాయ బుర్రలో ఈ అంబలినే పోసుకుని వెళ్లడం చూసినవారికి ఇది ఎంతటి ఆసరా ఆహారమో వేరే చెప్పనక్కరలేదు.

మొలకల పిండితో కాచిన జావ అంతగా చిక్కపడదు, ఎందుకంటే మొలకలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి. ఆరు నెలలు నిండిన పసిపిల్లలకు ఇది అనుకూలం. గొంతుకు అడ్డం పడని పలుచదనంలోనే ఎక్కువ పిండి కలపవచ్చు.

మధుమేహం ఉన్నవారు మాత్రం చోడి అనగానే ఎంతైనా తాగవచ్చని అనుకోకూడదు. మెత్తని పిండితో పలుచగా కాచిన జావ త్వరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచుతుంది. వారికి కూరతో తినే చోడి రొట్టె నయం, అదీ కొలతగానే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగిన తరువాతే దీన్ని రోజువారీ ఆహారంగా చేసుకోవాలి.