గెలిచిన అభ్యర్థి ఎక్కువమందికి ఇష్టమేనా? లెక్కవేసి చూడటం ఎలా

ముగ్గురు పోటీ చేస్తే 40 శాతం ఓట్లతోనే గెలిచేయొచ్చు. మిగతా 60 శాతం మంది మనసులో ఏముందో ఆ లెక్కలో కనబడదు. కనబడాలంటే కాగితం, పెన్ను చాలు.

1. ఒక్క పేరు కాదు, వరుస అడగండి.
ప్రతి ఓటరూ అభ్యర్థులందరికీ 1, 2, 3 అని ర్యాంకులు వేయాలి. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలో బుష్ గట్టెక్కింది 537 ఓట్లతో. అక్కడే గ్రీన్ పార్టీ అభ్యర్థి నేడర్‌కు 97 వేల పైచిలుకు పడ్డాయి. ఆయనకు ఓటేసినవాళ్ల రెండో ఇష్టం ఎవరో బ్యాలెట్ అడగనే లేదు.

2. ఒకే వరుస ఉన్న చీటీలను ఒక కట్టగా పెట్టండి.
క, మ, స అనే ముగ్గురు పోటీలో ఉన్నారు, 100 మంది ఓటేశారనుకుందాం:
40 మంది: క, మ, స
35 మంది: స, మ, క
25 మంది: మ, స, క
మొదటి ర్యాంకులే చూస్తే క గెలిచినట్టే.

3. ఇద్దరిద్దరినీ ముఖాముఖి నిలబెట్టండి.
అసలు పని ఇదే. క, మ పోటీ చూడాలంటే స పేరును వేలితో మూసేసి, ప్రతి కట్టలో ఎవరు ముందున్నారో చూడండి. క 40, మ 60. ఇప్పుడు మ పేరు మూయండి: క 40, స 60. చివరగా మ 65, స 35. అంటే విజేత క ఇద్దరి చేతిలోనూ ఓడిపోతున్నారు. మొదటి ర్యాంకుల్లో ఆఖరున నిలిచిన మ ఇద్దరినీ ఓడిస్తున్నారు! పోనీ మొదటి ర్యాంకులు ఎక్కువ వచ్చిన క, స ఇద్దరికీ రెండో విడత పోలింగ్ పెడితే? స గెలుస్తారు. అవే చీటీలు, పద్ధతికో విజేత. రిగ్గింగ్ ఏమీ లేదు.

నా ఓటు ముఖాముఖి లెక్కకే. కాకపోతే మ మీద నిజంగా అభిమానం ఉన్నవాళ్లు పాతికమందే కదా అంటే, ఆ మాట కొట్టిపారేయలేం.

4. చక్రం పడిందేమో చూడండి.
ఒకరిని ఒకరు గుండ్రంగా ఓడిస్తూ పోయి, అందరినీ ఓడించినవాళ్లే లేకపోవడమే చక్రం. ఫ్రాన్స్‌కు చెందిన గణితవేత్త కాండోర్సే 1785లోనే చూపించిన చిక్కు ఇది. చీటీలు ఇలా వచ్చాయనుకోండి:
40 మంది: క, మ, స
35 మంది: మ, స, క
25 మంది: స, క, మ
మ మీద క 65–35తో, స మీద మ 75–25తో, క మీద స 60–40తో గెలుస్తారు. ఎవరిని ఎన్నుకున్నా, ఇంకొకరే నయమనేవాళ్లు సగానికి మించే ఉంటారు. దీనికి ఒక మార్గం, అన్నిటికన్నా తక్కువ తేడాతో తేలిన పోటీని పక్కనపెట్టడం. ఇక్కడ అది 60–40 పోటీ. అది తీసేస్తే క గెలుస్తారు. ఈ రూలును మాత్రం చీటీలు పంచకముందే రాసి అందరికీ చూపించండి.