పిల్లల సినిమాకు మొదటి నిమిషం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

విశాఖలో షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టే కాలేజీ బృందాలు తరచూ ముందుగా రాసుకునే షాట్ ఒకటుంది. కైలాసగిరి మీద నుంచి సముద్రం, మెల్లగా తిరిగే కెమెరా, కింద బీచ్ రోడ్డు. అందమైన షాటే. కానీ చూసేది ఏడేళ్ల పిల్లైతే, అందులో ఆమె పట్టుకోవడానికి ఎవరూ లేరు. పిల్లలు తెర మీద ముందు వెతికేది తమ ఈడు వాళ్లని. ఆ పిల్లకో పిల్లాడికో ఏదో కావాలి, అది దొరుకుతుందో లేదో తెలియకూడదు. పది నిమిషాల సినిమాలో మొదటి నిమిషానికి ఈ పని ఒక్కటి చాలు.

ఒక్క వాక్యం రాసుకోండి

స్క్రిప్టు పక్కన పెట్టి, కథలో పిల్లకి ఏం కావాలో ఒక వాక్యంలో రాయండి. ఉదాహరణకి ఇది తీసుకుందాం: పెద జాలరిపేటలో ఎనిమిదేళ్ల గుంట, అలలో కొట్టుకుపోయిన కొత్త చెప్పుని అమ్మకి తెలియకుండా బడి వేళకి తిరిగి సంపాదించుకోవాలి. సముద్రం తీసుకున్నది ఉంచుకోదు, ఒడ్డుకి తోసేస్తుందని తాత చెప్పిన మాటే ఆమె ధైర్యం.

'స్నేహం విలువ తెలుసుకుంటుంది' లాంటి వాక్యం వస్తే మళ్లీ రాయండి. దాన్ని కెమెరాతో తీయలేరు. చెప్పుని తీయగలరు.

మాటలు లేకుండా చెప్పండి

ఇప్పుడు ఆ వాక్యాన్ని చేతులతో, కాళ్లతో చెప్పే పనులుగా విడగొట్టండి. నేనైతే ఇలా వేసుకుంటాను. నల్ల తెర మీద అల చప్పుడు. తడి ఇసుకలో రెండు చిన్న పాదాలు, ఒకదానికే చెప్పు. వెనక్కి వెళ్తున్న నీళ్లలో రెండో చెప్పు. అందుకోబోయి ఆగిపోయిన చెయ్యి. పిల్ల ముఖం. వెనక నుంచి అమ్మ గొంతు, "ఏటే, బడికెళ్లవా?" అమ్మ మోకాళ్లు, చంకలో చేపల గంప మాత్రమే కనిపిస్తాయి. పిల్ల గబగబా రెండు పాదాలూ ఇసుకలో కప్పేసుకుంటుంది. అమ్మ వెళ్లిపోతుంది. పిల్ల మళ్లీ సముద్రం వైపు చూస్తుంది. అప్పుడు టైటిల్.

పాదాలు ఇసుకలో దాచుకునే ఆ ఒక్క పని ఉంటే 'అమ్మకి చెప్పకూడదు' అనే డైలాగు అక్కర్లేదు. మీ కథలోనూ అలాంటి పని ఒకటి దొరికేదాకా వెతకండి. దీనికి రెండు రోజులు పట్టినా నష్టం లేదు.

కెమెరా ఎత్తు

ఏడెనిమిదేళ్ల పిల్ల కళ్లు నేలకి సుమారు 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. కెమెరా అక్కడే ఉండాలి, లేదా ఇంకా కిందికి. పెద్దవాళ్లు నడుము వరకే కనిపించనివ్వండి. అమ్మ వంగినప్పుడే ఆమె ముఖం ఫ్రేములోకి రావాలి. అలాగే పిల్ల నడిచేటప్పుడు సముద్రం ఆమెకి ఒకే పక్కన ఉండేలా చూసుకోండి. ఒక షాట్‌లో కుడివైపు, తర్వాతి షాట్‌లో ఎడమవైపు ఉంటే, ముందుకి వెళ్తోందో వెనక్కి వస్తోందో చిన్నపిల్లలకి అర్థం కాదు.

లొకేషన్‌కి అదే వేళకి వెళ్లి చూడండి

మన తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు. పొద్దున సముద్రం వైపు తిరిగిన పిల్ల ముఖం మీద వెలుగు నేరుగా పడుతుంది. సాయంత్రమైతే ఎండ ఊరి వెనక్కి, కొండల వెనక్కి పోతుంది, అదే ముఖం నీడలో ఉంటుంది. కాబట్టి ఈ సన్నివేశం పొద్దుటిదే. డిసెంబర్ చివర్లో సూర్యోదయం సుమారు 6:25కి, మే చివర్లో 5:20 ప్రాంతంలో. మెత్తని వెలుగు ఆ తర్వాత గంటకి మించి దొరకదు. అందులో ఎన్ని షాట్లు అవుతాయో లెక్కేసుకోండి. నా లెక్కలో ఐదు.

ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా లెన్సు మీద మన ఉక్కకి ఆవిరి పడుతుంది, అరగంట ముందే బయట పెట్టండి. ఉప్పు తుంపర కూడా పడుతుంది, మెత్తటి గుడ్డ దగ్గర ఉండాలి.

పడవలు, వలలు ఫ్రేములోకి వస్తే వాటి సొంతదారుని ముందు రోజే అడగండి, వలలు మీరు జరపకండి. స్టాండ్లు, లైట్లు పెట్టి తీయాలంటే జీవీఎంసీని (నగరపాలక సంస్థని), పోలీసుల్ని ముందే కలవండి. డ్రోన్ ఆలోచన మానుకోవడం మంచిది: తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు ఇది, నౌకాదళ విమాన స్థావరం కూడా ఊళ్లోనే ఉంది.

బొమ్మలు గీసి పిల్లలకి చూపించండి

నా అనుభవంలో అందరూ దాటేసే మెట్టు ఇదే. బొమ్మలు బాగా రాకపోయినా పరవాలేదు, కర్రబొమ్మలు చాలు. ఒక్కో షాట్‌కి ఒక గడి గీసి, ఫోన్‌తో ఫోటోలు తీసి, ఎడిటింగ్ యాప్‌లో వరసగా పేర్చండి. అల చప్పుడు మీ నోటితోనే చేసి రికార్డు చేయండి. దాన్ని మీ వీధిలో నలుగురు పిల్లలకి చూపించండి.

'బాగుందా?' అని అడక్కండి. మర్యాదకి బాగుందనే అంటారు. 'ఆ పిల్లకి ఏం పోయింది? ఎందుకలా దాచింది? ఇప్పుడేం చేస్తుంది?' అని అడగండి. ఇలాంటి కథతోనే మేము చేసిన ఒక ప్రయత్నంలో, పిల్ల కావాలనే చెప్పు విసిరేసిందని ముగ్గురు పిల్లలు అన్నారు. అందుకోబోయే చెయ్యి షాట్ అప్పటికి లేదు. అది కలిపాక ఆ అనుమానం ఎవరికీ రాలేదు. షూటింగ్ అయ్యాక తెలిసుంటే మళ్లీ అందరినీ ఒడ్డుకి తీసుకెళ్లాల్సి వచ్చేది.

టైటిల్, శబ్దం

టైటిల్ 4, 5 సెకన్లు ఉంచండి. రెండో తరగతి పిల్ల కూడబలుక్కుని చదివేంత సమయం కావాలి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి. 'స్త్రీ', 'క్ష' టైప్ చేసి చూశాకే ఫాంటు ఖాయం చేసుకోండి. పేర్లన్నీ సినిమా చివర్లో వేసుకోవచ్చు.

ఒడ్డున గాలి మైకుని ముంచేస్తుంది, బొచ్చు తొడుగు తప్పనిసరి. ఒకేచోట రెండు నిమిషాలు అల శబ్దం విడిగా రికార్డు చేసి అన్ని షాట్ల కిందా పరిస్తే, కట్ కట్‌కీ చప్పుడు మారదు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తీసేవి ఉంటే కెమెరాని సెకనుకి 25 ఫ్రేములకి, షట్టర్ వేగాన్ని 1/50 సెకనుకి పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి వెలుగు వణకదు.

షూటింగ్ రోజు

పిల్ల ముఖం ముందు తీయండి, అలసట రాకముందే. తర్వాత పాదాలు. పిల్లని అలల్లోకి పంపొద్దు, మన తీరంలో లాగుడు ఎక్కువ. పాదాల మీదికి నీళ్లు కావాలంటే పొడి ఒడ్డున నిలబెట్టి బకెట్‌తో పొయ్యండి. తల్లో తండ్రో పక్కనే ఉండాలి. సినిమాల్లో పిల్లలు రోజుకి 5 గంటలకి మించి, విరామం లేకుండా 3 గంటలకి మించి పనిచేయకూడదని ప్రభుత్వ నిబంధన ఉంది. మీరు అంతదాకా కూడా వెళ్లకండి.

నీళ్లలో చెప్పు షాట్ చివరికి ఉంచండి, దానికి పిల్ల అక్కర్లేదు. చెప్పుకి సన్నటి గేలపు దారం కట్టి, పెద్దవాళ్లు ఒడ్డునుంచి పట్టుకుంటే ఎన్ని టేకులైనా వెనక్కి లాగొచ్చు. ఒకే రకం చెప్పులు మూడు జతలు కొనండి. తడిసినవి ఒక సంచిలో, పొడివి ఇంకో సంచిలో పెట్టి, ఏ షాట్‌కి ఏ జతో సంచి మీదే రాయండి.