‘ది హిచర్’ను రెండోసారి చూసేవాళ్లకు

ముందు మీ దగ్గరున్నది 1986 నాటి రాబర్ట్ హార్మన్ సినిమాయేనా అని చూసుకోండి. ఇదే పేరుతో 2007లో రీమేక్ వచ్చింది. దారిలో లిఫ్ట్ అడిగి కారెక్కే హంతకుడు జాన్ రైడర్‌గా రట్గర్ హావర్ కనిపిస్తేనే అసలుది. నిడివి 97 నిమిషాలు.

టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికలను కృత్రిమంగా నునుపు చేసే సెట్టింగ్) ఆపేయండి. తెరకు పైనా కిందా నల్లపట్టీలు ఉండాల్సిందే. వాటిని పోగొట్టాలని జూమ్ చేస్తే పక్కలు తెగిపోతాయి. జాన్ సీల్ కెమెరా పట్టుకున్న ఎడారి వెడల్పు పోతే సగం భయం పోయినట్టే. మొదటి వాన సీను చీకట్లో సాగుతుంది కాబట్టి గదిలో లైట్లు ఆర్పండి. బ్రైట్‌నెస్ మాత్రం పెంచొద్దు, నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది.

కథ తెలుసు కనుక ఈసారి హత్యల్లో ఏది చూపించలేదో గమనించండి. కుటుంబం ఉన్న కారులో ఏం జరిగిందో మనకు కనిపించదు, రైడర్‌కు లిఫ్ట్ ఇచ్చిన కుర్రాడు జిమ్ ముఖాన్ని చూసి తెలుసుకోవాలి. లారీ సీనులోనూ అసలు క్షణం తెర మీద ఉండదు. చూశామని గుర్తున్నదంతా మన ఊహే, దర్శకుడి గొప్పతనం అక్కడుంది.

మొదట్లోనే రైడర్ తనను ఆపమని జిమ్‌ను అడుగుతాడు. ఆ మాట గుర్తుపెట్టుకుని, రోడ్డు పక్క భోజనశాలలో అతను జిమ్ కళ్ల మీద నాణేలు పెట్టే సీనును వెనక్కి తిప్పి మరోసారి చూడండి. చంపాలనుకుంటే అక్కడే చంపేవాడు.