వానలు పడకముందే కుళాయి నీళ్ల సంగతి చూసుకోండి

వానాకాలం వస్తోందంటే చాలు, నీళ్లు కాచి తాగండని అందరూ చెప్తారు. కాదనను. కానీ విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, ఏ ఊరైనా సరే, ప్రాణాల మీదికి తెచ్చే చెడు ఎక్కువగా కలిసేది నదిలోనో నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్ దగ్గరో కాదు, మన వీధిలోనే. గోదావరికి ఎర్రనీరు వస్తే కంటికి కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్తపడతాం, మురుగు కొద్దిగా కలిసిన నీళ్లు మాత్రం తేటగానే ఉండొచ్చు.

మన దగ్గర కుళాయి రోజంతా రాదు కదా. నీళ్లు ఆపేశాక పైపులో ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు ఎక్కడ చిన్న పగులున్నా పక్కనున్న మురుగు లోపలికి పోతుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగునీళ్లలో మురుగు కలిసి ప్రాణాలే పోయాయి. రెండూ ఎండాకాలమే చూడండి. అంటే పగులు ముందునుంచే ఉంటుంది, వాన వచ్చి కాలవ నింపి మురుగును దాని దాకా తెస్తుంది, అంతే.

అందుకని ఈ వారమే గేటు బయటికెళ్లి ఒకసారి వంగి చూడండి. మెయిన్ లైన్ నుంచి మీ ఇంటికొచ్చే పైపు సైడు కాలవలో మునిగి ఉందా, జాయింటు దగ్గర ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి వదిలేశారా? ఉంటే ప్లంబర్‌ని పిలిచి, ఆ పైపు మార్పించి కాలవకి పైనుంచి వేయించండి. నీళ్లు అందక కుళాయిని గుంతలోకి దించుకున్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. నీళ్లు ఆగిపోయినా కుళాయి కట్టకపోతే గుంతలో నిలిచిన నీళ్లు వెనక్కి పైపులోకే పోతాయి, మర్నాడు అవే మీ బిందెలోకి, పక్కింటి బిందెలోకి. బకెట్టులో మునిగిన రబ్బరు పైపుతోనూ ఇదే గొడవ. ఇక కుళాయికి నేరుగా మోటారు బిగించేవాళ్లు తిట్టుకున్నా సరే చెప్తాను, మీ మోటారు నీళ్లతోపాటు మురుగునూ లాగుతుంది, వీధి మొత్తానికి.

సంపు వానలకు ముందే కడిగించండి, మూత నేలమట్టానికి ఉంటే చుట్టూ గట్టు కట్టించండి. మూత తీసిన వెంటనే మాత్రం ఎవర్నీ లోపలికి దించొద్దు, గాలి ఆడక మనుషులు పోయిన సందర్భాలున్నాయి. మోటారు కరెంటు తీసేసి, చాలాసేపు మూత తెరిచి ఉంచి, పైన ఒక మనిషి కాపలా ఉంటేనే దిగాలి.

నీళ్లు వదలగానే వచ్చే మొదటి బకెట్టు బట్టలకో మొక్కలకో వాడేయండి. తర్వాత గాజు గ్లాసులో పట్టి వెలుగులో చూడండి. తెల్లగా పాలలా ఉండి, అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి, టెన్షన్ అక్కర్లేదు. కాలవ కంపు కొడితే ఆ పూట తాగడానికి వద్దు, వంటకీ వద్దు. కాస్త క్లోరిన్ వాసన వస్తే నిజానికి సంతోషించాలి, క్రిముల్ని చంపే మందు అదే.

కాచడమంటే గోరువెచ్చన కాదు. సలసల మరిగాక ఇంకో నిమిషం ఉంచి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి, చెయ్యి ముంచకుండా కాడ గరిటెతో తీసుకోండి. పటిక నీళ్లను తేటపరుస్తుంది గానీ దాన్ని నమ్ముకుని కాచడం మానొద్దు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, దానికి వేరే దారి చూసుకోవాల్సిందే. టీడీఎస్ మీటరు పెట్టి నంబరు తక్కువుందని మురిసిపోయేవాళ్లున్నారు, అది కరిగిన లవణాలను చూపిస్తుందే తప్ప క్రిముల సంగతి దానికేం తెలుసు?

అనుమానమొస్తే వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీని మీ కుళాయి దగ్గరే క్లోరిన్ పరీక్ష చేయించమని అడగండి. ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష మీకు పనికిరాదు. ప్రమాణం ప్రకారం కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే, కాచి చల్లార్చిన వాటిలో కలిపి పట్టించండి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. వీధిలో రెండిళ్లలో ఒకేసారి మొదలైతే అది బయట తిన్న బజ్జీల వల్లేనని సర్దుకోవద్దు, వెంటనే ఆశా వర్కర్‌కో ఏఎన్ఎంకో చెప్పి, ఆ లైను నీళ్లు తాగడం అందరూ ఆపేయండి.